దొరై చెవి

తుడియలూరు పంపుల వర్క్‌షాపులో పనిచేసి తల నెరిసిన దొరై, ఊరి బయట కొన్న మెట్టనేలలో ముందు పశువుల కొట్టం వేశాడు, తర్వాత లేత్ మిషనుకు రేకుల షెడ్డు. ఇల్లు మాత్రం ఇంకా పునాది దగ్గరే ఉంది. భార్య తిలకవతితో ఆ షెడ్డులోనే ఒక మూల కాపురం. రైతులు తెచ్చిన మోటారును అతను వెంటనే విప్పడు. స్విచ్చి వేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. బాగయ్యేదైతే "సరి, పెట్టేసి పోండి" అంటాడు. ఇక పనికిరాదనుకుంటే ఆ మాట నోటితో అనడు. భుజం మీది గుడ్డ తీసి, వేలు వేలూ నిదానంగా తుడుచుకుంటాడు. వచ్చినవాళ్లకు అర్థమైపోతుంది.

ఆ నేలలో పుట్టబోయే మొదటి దూడ కోసం తిలకవతి చిన్న గంట కూడా కొనిపెట్టింది. నెలలు నిండిన ఎర్రావు ఆ ఉదయం మేత ముట్టలేదు. డాక్టరుకు ఫోన్ చేసి, దొరై లేత్ ఆపేశాడు. ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని కడుపుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఏమండీ, అదేమి మోటరా, చెవి పెట్టి చూసేదానికి? డాక్టరు వస్తా ఉండాడు కదా" అంది తిలకవతి. అతను చెవిని కాస్త కిందికి జరిపి మళ్లీ ఆనించాడు. ఆమె గొంతు తగ్గించింది. "లోపల సత్తం ఏమన్నా వినబడతా ఉండాదా?"

దొరై చాలాసేపటికి లేచాడు. ఆవు నుదురు నిమిరాడు. తర్వాత భుజం మీది గుడ్డ తీసి, మరక లేని చేతులను వేలు వేలూ తుడుచుకోసాగాడు.