కప్పు కోసం గల్ఫ్‌కొచ్చిన దొరగారు

మా వంటింట్లో పులిహోర కలపడానికి వాడే తెల్ల పింగాణీ గిన్నె ఒకటుంది. మూత ఎప్పుడో పోయింది, అంచు ఒకచోట పెచ్చు ఊడింది, పొట్టమీద నీలంరంగులో ఒంటికాలిమీద నిలబడ్డ కొంగ. చూసినవాళ్లు కొల్లేరు కొంగా అని అడుగుతారు. కాదండీ, ఐర్లాండు కొంగ, ఒక ప్రభువుల వంశచిహ్నం అంటే, ప్రభువులు పులిహోర తినరు కాబట్టి ఎవరూ నమ్మరు. మొన్న దోహాలో మబ్బుపట్టి, వెస్ట్ బే టవర్ల సందుల్లోంచి తడి ఇసక వాసన మా బాల్కనీ దాకా ఎక్కొచ్చినప్పుడు ఆ గిన్నె వంక చూశాను. తొంభైల్లో అల్ ఘర్రాఫాలో మేమున్న పాత విల్లా, దాని కారే కప్పుతో సహా కళ్లముందుకొచ్చేసింది.

ఆ విల్లా లార్డ్ కిల్‌బ్రాన్ గారిది. అంటే ఆయన ఉద్యోగానిది. ఒక ఖతరీ పెద్దమనిషి గుర్రపుశాలను ఆయన చూసుకునేవాడు. మా నాన్న ఆ శాల ఆఫీసులో టైపిస్టు, నరసాపురంలో నర్సింగ్ చదివిన అమ్మ ఒక క్లినిక్కులో నర్సు, విల్లా వెనక రెండు గదులు మావి. లార్డ్ అంటే ప్రభువని అప్పుడే సండేస్కూల్లో నేర్చుకున్నదాన్ని (మా సండేస్కూలు శుక్రవారం జరిగేది, ఆ దేశంలో సెలవు ఆ రోజే గనక), పొద్దున్నే బనీనుతో గుర్రాలకు క్యారెట్లు పెడుతున్న ఎర్రముక్కు ముసలాయన్ని కూడా నాన్న లార్డ్ అంటుంటే, నా ఏడేళ్ల వేదాంతం కొన్నాళ్లు ఇబ్బంది పడింది. అమ్మ మాత్రం ఏ గొడవా లేకుండా దొరగారు అనేది.

ఆయన కోటు మోచేతుల దగ్గర తోలు అతుకులుండేవి, ఆ అతుకులకీ అతుకులుండేవి. గంజిలాంటిదేదో ఉప్పేసుకుని తాగేవాడు. అమ్మ గదిలోకొస్తే చాలు, చేతిలో ఏమున్నా దించేసి లేచి నిలబడేవాడు. మా నాన్న అలా లేచి నిలబడగా నేను చూసింది ఒక్క జాతీయగీతానికే. సాయంత్రాలు ఎండ చల్లారి, గుర్రాల మేత వాసనా, ఎవరింట్లోనో కాలుస్తున్న ఊదు వాసనా, ఏసీల కింద బకెట్లలో పడే నీటి చప్పుడూ కలిసే వేళకి నన్ను వరండా మెట్టుమీద కూర్చోబెట్టుకుని తనవాళ్ల కథలు చెప్పేవాడు. జబ్బుపడ్డ గుర్రాన్ని చలికి తట్టుకోలేదని పుస్తకాల గదిలో పడుకోబెట్టిన నాయనమ్మ, భోజనాల గదిలో నీళ్లు నిలిస్తే నల్లకోటు కింద రబ్బరుబూట్లు తొడుక్కుని విందుకొచ్చిన తండ్రి. ఇదంతా గొప్పగా కాదు, మామిడికాయలు దొంగిలించిన కథలా నవ్వుతూ చెప్పేవాడు.

దొర అన్న మాటంటేనే గిట్టనివాడు రాజన్న. గుర్రపుశాల డ్రైవరు, జగిత్యాల దగ్గరి మనిషి. "మా ఊళ్లె దొర గడీ ముంగటికెళ్లి చెప్పులేసుకొని నడవనియ్యలే సారూ. గీన నాకే కారు డోర్ తీస్తడు. గీన అసలు దొరేనా?" అని నాన్నని అడిగాడోసారి. నాన్న భయపడుతూనే దాన్ని ఇంగ్లీషులో పెడితే, ఆయన "మా తాత కూడా నడవనిచ్చేవాడు కాదు, రాజన్నా. అందుకే మా కప్పు కారుతోంది" అన్నాడు.

నిజానికి ఆ కప్పు కోసమే ఆయన ఖతర్ వచ్చాడు. ఐర్లాండులో నలభై గదుల ఇల్లుంది, వాన ఆగని దేశముంది, పెళ్లి చేసుకోని చెల్లెలు హానర్‌గారు ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. ఈయన ఏటా డబ్బు పంపిస్తే ఒకవైపు కప్పు వేయిస్తారు, ఈలోగా రెండోవైపు కూలుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు రాజన్న నోరు తెరిచాడు. "అరె, గీన గూడ మన లెక్కనే స్లాబ్ పోసుకునేతందుకు అచ్చిండా!" ఆ తర్వాత దొరగారిని ఎవరైనా ఒక్కమాటంటే రాజన్న ఊరుకునేవాడు కాదు.

ఓ డిసెంబర్లో హానర్‌గారు వచ్చింది. అమ్మ క్రిస్మస్‌కి గులాబీ పువ్వులూ కజ్జికాయలూ చేస్తుంటే, పీట వేసుకుని పక్కన కూర్చుని, పిండి ముట్టుకోకుండా కబుర్లతోనే సాయం చేసింది. అన్నగారిని 'టోబీ' అని పిలిచేది; ప్రభువుకి అలాంటి ముద్దుపేరుండటం నాకు మళ్లీ ఒక వేదాంత సమస్య. ఆవిడ వచ్చింది పండక్కి కాదు, ఇల్లు అమ్మేద్దామని అడగడానికి. "ఇంకో ఏడాది ఆగు, హానర్. ఇంకో ఏడాదిలో కప్పు పూర్తవుతుంది" అంటాడీయన. "ప్రతి ఏడూ అదే అంటావు" అంటుందావిడ. తాతముత్తాతల ఇంటిని తన చేతుల్తో పోగొట్టినవాడు అనిపించుకోలేనని ఆయన పట్టు. ఇద్దరూ ఎంతో మర్యాదగా పోట్లాడుకున్నారు, మరుసటి పొద్దుటికి మాటలు లేవు.

ఆరోజు మధ్యాహ్నం భోజనం పెద్దింట్లో అమ్మదే. కొబ్బరన్నం, కోడికూర. మాట్లాడుకోని ఇద్దరి మధ్య కూర గిన్నె అటూ ఇటూ రాయబారం నడుపుతుండగా ఉరిమింది. దోహాలో వాన ఏడాదికో చుట్టం. అక్కడి కప్పులకి దాని మొహం తెలీదు. క్షణాల్లో హాలు కారడం మొదలైంది. మేం బిత్తరపోయి చూస్తుంటే అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే లేచారు. ఆవిడ అటు, ఆయన ఇటు. బేసిన్లు, మూకుళ్లు, పూలకుండీ, కొంగ బొమ్మ గిన్నె, చుక్క ఎక్కడ పడుతుందో పుట్టుకతోనే తెలిసినట్టు సర్దేశారు.

నరసాపురం పెంకుటింట్లో పెరిగిన అమ్మకీ ఈ విద్య వచ్చు. చప్పుడు కాకుండా, చిందకుండా ప్రతి గిన్నెలో ఒక గుడ్డ వేయబోయింది.

"వద్దు!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆరోజు వాళ్లు కలిసి పలికిన మొదటి మాట అదే.

"గుడ్డ వేస్తే గిన్నె నోరు నొక్కినట్టే, సిస్టర్" అన్నాడాయన. ఖాళీ గిన్నె ఖంగుమంటుందట, నిండేకొద్దీ గొంతు తగ్గిస్తుందట. అన్ని గదులూ తిరగలేరు కాబట్టి ఎక్కడ ఏది నిండిందో వినే తెలుసుకోవాలి. చిన్నప్పుడు వాళ్ల నాన్న పిల్లల్ని కళ్లు మూసుకోమని, ఇది ఏ గిన్నె చెప్పండి అని ఆడించేవాడట.

ఆ మాటతో అందరం తివాచీ మీద చతికిలబడి కళ్లు మూసుకున్నాం. "బేసిను." "పూలకుండీ." "కాదు టోబీ, మూకుడు, నీకెప్పుడూ మూకుడు తెలీదు." నవ్వులు. రాజన్న గుమ్మంలో బకెట్టు పట్టుకుని, "నాది నిండింది దొరా!" అంటున్నాడు. అంతలో సన్నగా, తడిగా గరగరమని ఇంకో చప్పుడు. కళ్లు తెరవకుండానే దొరగారు ఆగిపోయాడు. "ఇది... ఇది ఏ గిన్నె?"



"అది గిన్నె కాదు దొరగారూ," అంది అమ్మ మెల్లగా, వచ్చిన కాస్త ఇంగ్లీషులో. "అమ్మగారి ఛాతీ."

ఆయన కళ్లు తెరిచాడు. హానర్‌గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది. "ఎప్పట్నుంచి?" అన్నాడు. ఆవిడ నవ్వబోయింది. "ఆ ఇంట్లో కురిసిందంతా ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలిగా, టోబీ."

దొరగారు లేచి నిలబడ్డాడు, అమ్మ గదిలోకొస్తే నిలబడ్డట్టే, నిటారుగా. "అమ్మేద్దాం" అన్నాడు. అంతే. నిండిన మూకుడు తనే తీసుకెళ్లి బయట పోసొచ్చాడు.

ఇల్లు అమ్మగా వచ్చినదాంతో చెల్లెలికి ఊళ్లో రెండు గదుల గట్టి ఇల్లు కొనిచ్చాడు. "నా స్లాబ్ ఇంక పిల్లర్ల మీదనే ఉన్నది, గీనదప్పుడే అయిపాయె!" అని రాజన్న కుళ్లుకున్నాడు. దగ్గు తగ్గిందనీ, కానీ నిశ్శబ్దానికి నిద్రపట్టక కుళాయి కింద గిన్నె పెట్టుకుంటున్నాననీ ఆవిడ ఫోన్లో చెప్పిందట. తర్వాత కొన్నేళ్లకి ఆవిడ దగ్గరికి వెళ్లిపోతూ దొరగారు కొంగ గిన్నె అమ్మ చేతికిచ్చాడు. ఏనాడూ ఎవరి దగ్గరా తలవంచని కొంగ, మా ఇంట్లో చింతపండు పులుసు ముందు వంచింది.

ఇప్పుడు ఆ విల్లా లేదు, ఆ చోట మాల్ పార్కింగు. రాజన్న స్లాబ్ మాత్రం పడింది, దాని కింద మనవలు కూడా పుట్టారు. మా ఫ్లాటు కప్పు కారదు. ఇక్కడ వానని చూడటమే గాని వినడం ఉండదు.

మొన్న చినుకులు మొదలవగానే, నాతోనే ఉంటున్న అమ్మ కర్ర పట్టుకుని లేచి, పులిహోర గిన్నె కడిగి బాల్కనీలో పెట్టింది. చిందుతోందని నేను తువ్వాలు పట్టుకెళ్లాను.

"గుడ్డెయ్యకే," అంది అమ్మ, కళ్లు మూసుకునే. "దొరగారు అరుస్తారు."