మిషను ఆపిన అత్త

మా మేనత్త ప్రింటింగ్ ప్రెస్సులో ఇంకు కలిపే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. కత్తితో ఇంకు ఎత్తి, అది జారే తీరు చూసి చిక్కనో పలచనో చెప్పేస్తుంది. ఆమె సరేనంటేనే మిషను కదులుతుంది. నేను అక్కడే కాగితాలు మడతపెడతాను కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఒకే నెలలో మూడుసార్లు ఎడమవైపున్న ఇంకు డబ్బాని తన్నేసింది. "నా కాళ్లకు అడ్డం పెట్టేదెవరు?" అంటూ మా మీదే ఎగిరింది. కంటి డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కెళ్లాను. నీటికాసులట, అంటే గ్లకోమా. ఎడమ పక్క చూపు కొంత పోయింది, పోయింది ఇక రాదట. చుక్కల మందుతో కంట్లో ఒత్తిడి తగ్గినా, ఆరు నెలలకు చూపు ఇంకాస్త తగ్గింది.

అప్పుడు రక్తపరీక్ష చేయించారు. "మీ రక్తం బాగా చిక్కగా ఉందండీ. కంటి నరానికి రక్తం తీసుకెళ్లే నాళాలు చాలా సన్నం. అక్కడ సరిగా పారకపోవచ్చు. పనిలో నీళ్లు తాగుతారా?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్త నవ్వేసింది. మా ప్రెస్సులో పొద్దున మిషను మొదలైతే మధ్యాహ్నం దాకా ఎవరూ గుక్కెడు నీళ్లు ముట్టరు. తాగితే బాత్రూముకి రెండంతస్తులు దిగాలి, దిగితే మిషను ఆగాలి, ఆగితే యాభై కాగితాలు పాడవుతాయి. దాహం ఓర్చుకోవడాన్ని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా తెలివి అలా తెల్లారింది.

"చిక్కనిదాన్ని పలచన చేయడం నాకొకరు నేర్పాలా?" అని మర్నాడు అత్త రెండు సీసాల నీళ్లు గటగటా తాగేసింది. సంగతి తెలిసి డాక్టరమ్మ మండిపడింది.

"ఒక్కసారే అంత తాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కన్ను ఇంకు డబ్బా కాదమ్మా. గంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. చుక్కలు మాత్రం మానొద్దు."

గంటకోసారి అంటే, ఇంకు చేతులు కడుక్కుని తాగేందుకు గంటకోసారి మిషను ఆగాలి. ఓనరు మూడు రోజులు ఓర్చుకున్నాడు.

"ఇలాగైతే మీ చోట ఇంకొకర్ని పెట్టుకోవాలి" అన్నాడు నాలుగో రోజు.

"పెట్టుకోండి. ఇంకు చిక్కబడితే మీరే మిషను ఆపమంటారు. నా రక్తం చిక్కబడితే ఆపకూడదా? ఇంకుకున్న పాటి విలువ నాకు లేదా?"

నాకు భయమేసింది. ఈల వేయాలనీ అనిపించింది.

ఓనరు అన్నంత పనీ చేశాడు. మిషను దగ్గర కొత్త మనిషి నిలబడ్డాడు, అత్త నా పక్కన మడతలకొచ్చింది. వారం తిరక్కుండా బొమ్మల పుస్తకం ఒకటి అచ్చుకొచ్చింది. అందులో పిల్లల ముఖాలన్నీ ఇటుక రంగులో దిగాయి. ఓనరే కాగితం పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు.

"కొంచెం చూడండమ్మా."

అత్త గోడ గడియారం చూసి సీసా మూత తీసింది. ఒక గుక్క, రెండో గుక్క. ఓనరు నిలబడే ఉన్నాడు. నాలుగో గుక్కయ్యాక మూత బిగించి, తల ఎడమకు తిప్పి కాగితం చూసింది.

"ఎరుపు చిక్కబడింది. వచ్చి సరిచేస్తాను. మిషను మాత్రం గంటకోసారి ఆగాలి. నా ఒక్కదానికే కాదు, అందరికీ."

ఓనరు తలూపాడు.

మిగిలిన చూపు నిలుస్తుందో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. ఆ మధ్యాహ్నం గంట కాగానే మిషను ఆగింది. నేనూ మడతలు వదిలేసి లేచి నీళ్లు తాగాను.