నాలుగో హార్ను తీగ

అయిదు గజాల ఇనప తీగ. తూకం వేస్తే అరకిలో కూడా ఉండదు. దాన్ని ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెకు చెబితే మా పేట తామ్వే అంతటికీ చెప్పినట్టే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

రంగూన్‌లో మాది మైకుసెట్ల పని. నిజానికి అది సింహాచలం మావయ్య పని, ఈ సంగతి జరిగేనాటికి నేను ఆయన దగ్గర పదేళ్ళుగా చేస్తున్నాను. ఆయన మా అమ్మకు వరసకు తమ్ముడు. అమ్మవారి సంబరాలకూ, బర్మా వాళ్ళ పిల్లలకు కాషాయం కట్టే వేడుకలకూ లౌడ్‌స్పీకర్ హార్నులు వేలాడదీసేవాళ్ళం. ఎవరైనా వేలాడదీస్తారు, అందులో ఏముంది అంటారా? మావయ్య పద్ధతి చూడలేదు మీరు. హార్నుకు ముందొక గొలుసు, వెనకొక గొలుసు, రెండూ కలిపి పైన ఒక షాకిల్‌కు తగిలించి, పిన్ను బిగించేవాడు. షాకిల్ అంటే ఓడల్లో వాడే ఇనప కొక్కెం లాంటిది. వెనక గొలుసును ఒక లంకె పైకి లాగితే హార్ను మూతి జానెడు దిగుతుంది. చివరి వరసలో గొంతుక్కూర్చుని, అక్కడ కూర్చోబోయే ముసలమ్మ చెవి ఎక్కడుంటుందో చూసుకుని, ఎన్ని లంకెలో లెక్క చెప్పేవాడు. అంతా అయ్యాక ప్రతి హార్నుకూ విడిగా ఒక ఇనప తీగ చుట్టి స్తంభానికి కట్టేవాడు. గొలుసు బరువు మోస్తాది, తీగ మన తప్పు మోస్తాది అనేవాడు.

మావయ్య ఈ పనిలో ఉన్న ఇరవై ఏళ్ళలో ఆ తీగ ఒక్కసారీ ఏ పనీ చేయలేదు. నా బుర్రకు అదే తోచింది.

అది పందొమ్మిదివందల ఎనభై ఎనిమిది. సర్కారు దిగిపోవాలని వీధుల్లో కుర్రాళ్ళ ఊరేగింపులు, ఆఫీసులు మూత, వీధి చివర వెదురు తడికలు అడ్డం. బయటి దేశాల నుంచి చీపురుపుల్ల కూడా రాని రోజులు. మన ఊళ్ళో ఏం జరుగుతోందో మనకు చెప్పేది బయటి దేశం రేడియోనే. మా ఎదురింటి బర్మావాడు కో మ్యింట్ రేడియో గంటలా మోగేది. నాది చేపల వేపుడులా చిటపటలాడేది. సాయంత్రమయితే వీధి వీధంతా అతని వాకిట్లోనే. పోనీ వీధి సంగతి వదిలేయండి, మా ఆవిడ కూడా పీట పట్టుకుని అక్కడికే పోయేది. మైకుల వాడి పెళ్ళాం పరాయివాడి రేడియో వింటుంటే నాకెలా ఉంటుంది?

ఏరియల్ కావాలి. తీగ కావాలి. తన్లిన్ రేవులో పని చేసేవాళ్ళు ఓడల నుంచి తెస్తే తప్ప ఊళ్ళో తీగ ముక్క దొరకదు. ఆ ఏటి అమ్మవారి సంబరానికి ముందురోజు మావయ్య నాలుగు హార్నులకూ తీగలు కట్టాడు. నా కళ్ళారా చూశాను. పొద్దున్నే సరిచూసే నెపంతో స్తంభం ఎక్కి, నాలుగోదాని తీగ విప్పి, లుంగీలో చుట్టుకుని దిగాను. కొత్తదేదైనా దొరికాక కట్టొచ్చులే అనుకున్నాను. అలా అనుకున్నానా, లేక ఇప్పుడు మీకోసం కల్పిస్తున్నానా? ఏమో.

మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాయి. ఆ అదురుకు పాత షాకిల్ పిన్ను కొంచెం కొంచెంగా తిరుగుతూ వచ్చిందన్నమాట. హార్నుల కింద ఎవరూ నిలబడకూడదని మావయ్య తడిక కట్టించేవాడు. ఎవరూ రాని చోటు కదా, పిల్లలు వేళ్ళు పెట్టరని ఆడవాళ్ళు పులిహోర గంగాళాన్ని ఆ తడిక లోపలే పెట్టారు. నాలుగో హార్ను వచ్చి బోర్లా సరిగ్గా దాని మీద పడింది. మూత పెట్టినట్టు పడింది. వైరు తెగలేదు. పూజారిగారు కళ్ళు మూసుకుని చదువుతూనే ఉన్నారు, మంత్రాలు పులిహోరలోంచి వస్తున్నాయి. ఒక ముసలమ్మ గంగాళానికి దణ్ణం కూడా పెట్టింది. నేను తప్ప అందరూ నవ్వారు. కాదు, ఇంకొకరు కూడా నవ్వలేదు.

మావయ్య స్తంభం వైపే చూస్తున్నాడు.

"నాలుగోదానికి తీగ కట్టినానా నేదా రా?"

"నాను సూడనేదు మావయ్యా."

"కట్టినట్టే గురుతు. నా సేతులకి గురుతు. కానీ తీగ నేదు కదరా. తీగ నేదంటే కట్టనట్టే కదా."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. పళ్ళు రాలేలా ఒకటి కొట్టి ఊరుకునేవాడు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నా కొంత నయమే. నేను నోరు తెరిచాను. "వయసు కదా మావయ్యా" అన్నాను. ఆయనకు అప్పటికి యాభై నాలుగు.

ఆ రోజుతో ఆయన స్తంభం ఎక్కడం మానేశాడు. మనిషి ప్రాణం పోయుండేదిరా నా వల్ల అని, సామానంతా నాకు అప్పజెప్పాడు. ఇంట్లో తలుపు గడియ మూడుసార్లు చూసేవాడు. అన్నం తిన్నానా అని అత్తను అడిగేవాడు. అత్త మొదట్లో నవ్వేది, తరవాత విసుక్కునేది. ఏ వస్తువు పోయినా ఆయన ఖాతాలోకే. తామ్వేలో అదొక సామెతయింది. గొడుగు మర్చిపోయినా, చారులో ఉప్పు మర్చిపోయినా 'సింహాచలం తీగ' అంటారు. ఆయన్ను చూసి ఎరగని పిల్లలు కూడా అంటారు. నేనూ పక్కనుండి నవ్వేవాణ్ణి. మనిషి ఎంతకు దిగజారగలడో చూడండి.

ఇంకా ఉంది. ఆ ఏరియల్ కట్టాక నా రేడియో బ్రహ్మాండంగా పలికింది. మా ఆవిడ పీటతో ఇంటికొచ్చేసింది. వార్తలు వినడానికి మావయ్య కూడా వచ్చాడు, సరిగ్గా ఆ తీగ కిందే కూర్చున్నాడు. గుర్తుపడతాడేమోనని రేడియో గొంతు పెంచాను. ఆయన తలెత్తి చూసి, దీనికి రెండో కట్టు ఏదిరా అని లేచి, స్టూలు ఎక్కి, తన కట్టు తనే వేశాడు. చేతులు కొంచెం కూడా తడబడలేదు. దిగి నా మొహంలోకి చూశాడు.

"కట్టీసినాను కదా? నువ్వూ సూసినావు కదా?"

"సూసినాను మావయ్యా" అన్నాను.

ఆయన పోయి మూడేళ్ళయింది. తన బుర్ర మీద తనకు నమ్మకం లేకుండానే పోయాడు. పోయినవారం ఉండబట్టలేక అత్త దగ్గరికి వెళ్ళాను. తాకేటా పేటలో మనవరాలి ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటోంది. మీకు చెప్పినట్టే చెప్పాను, ఇంతకన్నా తడబడుతూ. తిడుతుందనుకున్నాను. చీపురు తీసినా సరే అనుకున్నాను. నిజానికి క్షమించేస్తుందేమోనని లోపల ఆశ కూడా ఉంది.

అత్త కిటికీ వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ ఆయన్ని నాను అన్న మాటలు ఇప్పుడెవలకి సెప్పుకోనురా?" అంది.

అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆమె ఎంతసేపటికీ బయటికి రాకపోతే చెప్పులు వేసుకున్నాను.

మెట్లు దిగుతుంటే ఏడుపు రావాలి కదా. రాలేదు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఒక ముసలామెకు అంత బరువిచ్చి వచ్చి ఇలా తేలిగ్గా ఉండటమేమిటి అని నన్ను నేను తిట్టుకున్నాను. సిగ్గు లేకుండా ఆకలి కూడా వేసింది.