వాన తర్వాతి ఆకు

మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ సెలవుల్లో డార్జిలింగు చూసొచ్చి, మొన్న నాకో అట్టపెట్టె తెచ్చిచ్చింది. అందులో మూడు చిన్న రేకు డబ్బాలున్నాయి. ఒకటి వసంతంలో కోసిన ఆకట, ఒకటి ఎండాకాలందట, మూడోది వానలు వెళ్లాక కోసిందట. "మీకు చాయ్ అంటే పానం గదా మేడమ్" అని నవ్వుకుంటూ చేతిలో పెట్టింది. నేనూ నవ్వుతూనే తీసుకుని, నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి తెచ్చి వంటింటి అలమారాలో పెట్టాను. నాలుగు రోజులైంది, ఒక్క మూతా తీయలేదు. భయం. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, పామును చీపురుతో తోలినదాన్ని, చాయ్‌పత్తకు భయపడుతున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి గానీ ముందు సంగతి వినండి.

పాలమూరు మనిషి చెయ్యి పడని డ్యామూ రోడ్డూ ఈ దేశంలో ఉండదని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. గొప్పో, గతిలేకో, మా అన్న కూడా ఐదో తరగతితో పలకకు దండం పెట్టి ఒక మేస్త్రి వెంట పనులకు పోయాడు. తట్టలు మోశాడు, తర్వాత మట్టి తవ్వే పెద్ద మిషన్ నడపడం నేర్చుకున్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక కాంట్రాక్టరు కింద డార్జిలింగు కొండల్లో తేలాడు. రోడ్డు మీద కొండ విరిగిపడితే ఆ మట్టినీ బండల్నీ తీయడం అతని పని. అంటే అందరూ ఎక్కణ్ణుంచి పారిపోయి వస్తారో మావాడు అక్కడికి ఎదురుపోవాలి. నాయిన అప్పటికే లేడు. బల్మూర్‌లో ఉన్న చెలక కౌలుకిచ్చి అమ్మా నేనూ అచ్చంపేటలో అద్దెకుండేవాళ్లం. నేను ఒక చిన్న బడిలో చదువు చెప్పేదాన్ని. ఇంటి ముందే ఒక చాయ్ హోటల్ ఉండేది. దాని యజమానిని ఊరంతా చాచా అంటే మేమూ చాచా అనేవాళ్లం. పొద్దున పొయ్యి మీద పెట్టిన చాయ్‌ని మాపటిదాకా మరిగిస్తూనే ఉండే మనిషి. ఆయన గల్లా పక్కనే ఫోను. అన్న పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున ఆ ఫోనుకే చేసేవాడు.

అన్న మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు ఒక కాగితం పొట్లం అమ్మ చేతిలో పెట్టి, రాజులు తాగే చాయ్ అన్నాడు. అమ్మ దాన్ని పాలల్లో వేసి, అల్లం దంచేసి, చక్కెర పోసి బాగా మరిగించింది. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టింది. "గిదేం చాయ్‌పత్తరా, ఎండిన గడ్డి లెక్కున్నది. ఎవడో మోసం జేసిండు నిన్ను" అంది. అన్న నెత్తి కొట్టుకున్నాడు. మర్నాడు నన్నూ చాచానూ హోటల్లో కూర్చోబెట్టి, నీళ్లు కాచి దింపి, గుప్పెడాకు వేసి, మూతపెట్టి వంద లెక్కపెట్టి, పాలు లేకుండా చక్కెర లేకుండా గాజు గ్లాసుల్లో పోశాడు. చాచా ఆ గ్లాసును వెలుగుకు పట్టి చూసి, ఇది జ్వరమొచ్చినోళ్లకు ఇచ్చే నీళ్లలా ఉందన్నాడు. తాగాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం అచ్చంపేట బస్టాండులో అందరూ చెప్పుకున్నారు.

ఏ నెల ఆకుకు ఆ నెల రుచి ఉంటుందని అన్న ఆ రోజే మాకు చెప్పాడు. ఆ కొండ మీది బజారులో ఆకు అమ్మే ముసలాయన అతనికి నేర్పాడట. చలి తగ్గగానే వచ్చే తొలి చిగురు లేత పచ్చగా ఉంటుంది. దాని నీళ్లు గడ్డివాము రంగు, వాసన మాత్రం పూతకొచ్చిన వేపచెట్టు కింద నిలబడినట్టు. ఎండాకాలం ఆకు ఎర్రబారి, గుక్క దిగాక గొంతులో నల్లద్రాక్ష పండు వాసన మిగులుతుంది. వానాకాలం ఆకు నీళ్లు తాగి ఉబ్బిపోతుంది, అది రుచికి పనికిరాదు, దాన్ని అన్న పంపనే పంపడు. వానలు వెళ్లాక దసరాకు అటూ ఇటూగా కోసే ఆకుంది చూశారూ, అది రాగి చెంబు రంగు. కాల్చిన పల్లికాయ వాసన, చివర్న ఎక్కడో తేనె. నాకు మూడింట్లో అదే ఇష్టం. అప్పట్నుంచీ యేడాదికి మూడుసార్లు తెల్లగుడ్డలో కుట్టిన పార్శిల్ పోస్టులో వచ్చేది. లోపల ఉత్తరం ఉండేది కాదు, రాయడం మావాడికి బద్ధకం కాదు, సిగ్గు. చాచా తన వాటాను మూడు సీసాల్లో విడివిడిగా దాచుకునేవాడు. అమ్మ మాత్రం అన్నిటినీ ఒకే డబ్బాలో గుమ్మరించేది. ఆమెకు అసలు నచ్చింది ఆకు కాదు, పార్శిల్ గుడ్డ. మంచి గట్టి గుడ్డ, సబ్బుపెట్టి ఉతికితే చాయ్ వడకట్టుకోవడానికి ఎన్నాళ్లయినా వచ్చేది.

ఆ యేడు బతుకమ్మకు ముందు అక్కడి కొండల్లో వానలు ఆగలేదు. ఒక ఆదివారం ఫోను రాలేదు. లైన్లు బాగలేవేమో అనుకున్నాం. మధ్యలో ఒక రోజు హోటల్లోని టీవీలో కొండ కొండే జారిపోతూ కనిపించింది. ఇళ్లు అగ్గిపెట్టెల్లా పోతున్నాయి. మట్టిలో సగం కూరుకుపోయిన పసుపుపచ్చ మిషన్ ఒకటి చూపించారు, లోపల మనిషి ఉన్నాడో లేడో చెప్పలేదు. అమ్మ ఇంట్లోంచి వస్తుంటే చాచా టక్కున టీవీ కట్టేసి, కరెంటు పోయిందన్నాడు. నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది. అమ్మ ఫ్యానును చూసింది, మమ్మల్ని చూసింది, వెనక్కి పోయింది. రెండో ఆదివారం కూడా ఫోను రాలేదు. మేస్త్రి ఇంటికి పోయి అడిగితే ఆయన భార్య, తన మొగుడి సంగతే తెల్వదని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వీధిలో ఆడవాళ్లు తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేరుస్తుంటే అమ్మ గడప దాటలేదు. ముద్ద నోట్లో పెట్టుకునేది, మింగేది కాదు. ఫోను మోగిన ప్రతిసారీ మా ముగ్గురికీ గుండె జారిపోయేది. మోగకపోతే ఇంకా జారేది.

దసరా వెళ్లిన వారానికి, బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "పార్శిల్ వచ్చింది బిడ్డా! వాడు మంచిగున్నడు!" అంటూ నన్ను ఊపేసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెంటనే ఒక అనుమానం పొడిచింది. ఎప్పుడు పంపాడు? కొండ విరగకముందు పంపింది దారిలో ఆగి ఆగి ఇప్పుడు చేరిందేమో! పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది గదా అని, గుడ్డేదమ్మా అన్నాను. అమ్మ దండెం వైపు చూపించింది. గుడ్డ తెల్లగా మల్లెపువ్వులా ఆరుతోంది. అలవాటు చొప్పున వచ్చిన వెంటనే విప్పి, సబ్బుపెట్టి, బండకేసి ఉతికేసింది. ముద్ర లేదు, తేదీ లేదు, మా అడ్రసు కూడా నీలిమరకై పోయింది. నేను ఎందుకు అడిగానో అర్థమయ్యాక అమ్మ ఆ తడిగుడ్డను రెండు చేతులా పట్టుకుని అలాగే కింద కూలబడిపోయింది. "నేనేం జేస్తి? నా చేతులిరగ" అంటుండగానే చెప్పులు వేసుకున్నాను. పోస్టాఫీసుకు పరిగెత్తాను. అది మామూలు పార్శిల్, రాసిపెట్టుకోరు, సీలు చూసుకోవాలె గదమ్మా అన్నాడు గుమాస్తా.

తిరిగొస్తుంటే తట్టింది, తేదీ గుడ్డ మీద పోయినా ఆకులో పోదని. వానలు వెళ్లాక కోసిన ఆకైతే, కొండ విరిగిన తర్వాత కూడా మా అన్న బతికి ఉన్నట్టు. ఆ యేడు ఎండాకాలపు పార్శిల్ మాకు అందనే లేదు. ఇది ఆ ఎండాకాలపు ఆకైతే... ఆ పైన అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈసారి అమ్మ గుడ్డ విప్పింది గానీ లోపలి పొట్లం విప్పలేదు గనుక డబ్బాలో కలిసిపోయే భయం లేదు. చాచా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గిరాకీలను లేపి పంపించేసి, తన సీసాలు ముందు పెట్టుకుని నీళ్లు కాచాడు. ఆకు వేసి, మూతపెట్టి, పెదవులు కదుపుతూ వంద లెక్కపెట్టాడు. అంత పొడుగు వంద నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. అమ్మ తలుపుకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా మొహాన్నే చూస్తోంది. గ్లాసు ఎత్తాను. రంగు చూస్తే ఎర్రగానే ఉంది, రాగి ఎరుపో కాదో ఆ వెలుతురులో తెలియలేదు. తాగాను.

నల్లద్రాక్ష.

ఇంకో గుక్క తాగాను. పల్లికాయ కోసం నాలుకంతా వెతుక్కున్నాను, తేనె కోసం వెతుక్కున్నాను. నల్లద్రాక్షే. "ఏంది బిడ్డా, చెప్పు" అంది అమ్మ. ఆ గొంతు విన్నాక నా నోరు నా మాట వినలేదు. "వానలు పోయినంక కోసిన ఆకే అమ్మా" అన్నాను. అన్నాక చాచా వైపు చూడటానికి భయమేసింది. ఆయన అప్పటికే తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. నన్ను చూడలేదు. గ్లాసును నీళ్లలో తొలిచి, బోర్లించి, అమ్మతో "అవ్ చెల్లె. పల్లికాయ వాసన సాఫ్ ఒస్తున్నది. పరేషాన్ కాకు, పోయి బువ్వ తిను" అన్నాడు. అమ్మ ఆ సాయంత్రం రెండు జొన్నరొట్టెలు తింది. ఆమె నములుతుంటే చూస్తూ నేను గొంతులో ఒక్కటి దించలేకపోయాను.

ఆ తర్వాతి పన్నెండు రోజుల భయం నాకిప్పటికీ ఒంట్లో ఉంది. అంతకుముందు భయం ముగ్గురిది, పంచుకున్నాం. ఇప్పుడు అమ్మ అమ్రాబాద్ నుంచి వచ్చిన చుట్టాలతో నవ్వుతూ మాట్లాడుతోంది. మా అన్న పెళ్లికి పిల్లను చూడాలంటోంది. నేను అవునవునంటున్నాను. ఏ రోజైనా ఎవరో ఒకరు మేస్త్రి ఇంటి నుంచి వస్తారు, అప్పుడు అమ్మ ఏమైపోతుంది? ఆమెను ఎత్తు మీదికి ఎక్కించి కింద నిచ్చెన తీసేసిన పాపిని నేనే గదా. చాచా నాకు ఎదురుపడినప్పుడల్లా పొయ్యి ఊదుకునేవాడు. ఒక పొద్దున మాత్రం ఎవరూ లేనప్పుడు దగ్గరకొచ్చి, "మనం ఆడిన ఝూట్‌ను నిజం చెయ్యమని నమాజ్‌ల రోజు అడుగుతున్న బేటీ" అన్నాడు. అంటే ఆయనకు తెలుసు. తెలుసని తెలిశాక ఊరట కలగాలి గానీ, భయం రెండింతలైంది. ఒకవేళ నా నాలుకే తప్పేమో అన్న ఆశ ఒకటి ఉండేది, అదీ పోయింది.

పన్నెండో రోజు నేను మూడో తరగతిలో ఎక్కాలు చెప్పిస్తున్నాను. కిటికీలోంచి బడి గేటు దగ్గర చాచా కనిపించాడు. పగటిపూట హోటల్ వదిలి అడుగు బయటపెట్టని మనిషి. నెత్తి మీద టోపీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. సుద్దముక్క నా చేతిలోంచి జారిపోయింది. పిల్లలు ఏడేళ్లు నలభైతొమ్మిది దగ్గర ఆగిపోయారు. గేటు దాకా ఎలా పోయానో తెలియదు. ఆయన ఆయాసంతో గోడ పట్టుకుని, "ఫోన్..." అన్నాడు. ఎవరి ఫోనని అడగలేదు నేను. అడిగితే చెప్తాడేమోనని భయం. హోటల్లో రిసీవరు పక్కకు పెట్టి ఉంది, అమ్మ బజారుకు పోయి ఇంకా రాలేదు. చెవికి పెట్టుకున్నాను.

"చెల్లె, చాయ్ అందిందా?"

అరిచానో ఏడ్చానో నాకు గుర్తులేదు. హోటల్లో వాళ్లంతా లేచి నిలబడ్డారు. అన్న చెప్తూ పోయాడు. రోడ్డు రెండు వైపులా తెగి మేస్త్రీ, తనూ ఆ ఆకు అమ్మే ముసలాయన ఊళ్లోనే చిక్కుకుపోయారట, ఫోన్లు నిన్నటిదాకా పనిచేయలేదట, దారి తెరవగానే కిందికి దిగే మొదటి లారీ డ్రైవరుకు పార్శిల్ ఇచ్చి పోస్టులో వేయమన్నాడట. "మరి ఎండాకాలం ఆకు పంపినవేందన్నా, పానం తీసినవ్!" అని నేను తిట్టడం మొదలుపెట్టాను. "కొత్తాకు ఏడుంది చెల్లె, వానలకు కోతే పడలె. దుకాణం ముసలాయన డబ్బా అడుగున మిగిలింది ఊడ్చిచ్చిండు. ఉత్తరం రాసుడు నాకు రాకపాయె. గుడ్డ మీద తారీకు జూస్తే నేనున్నట్టు మీకు తెలుస్తదనుకున్న" అన్నాడు. అంతలో అమ్మ వచ్చి ఫోను లాక్కుంది. "నాకు తెల్వదారా! నీ చెల్లె చాయ్ తాగి పన్నెండొద్దుల కిందనే చెప్పింది" అంటూ గొప్పలు మొదలుపెట్టింది. చాచా తన మూడో సీసాలో ఉన్న వాన తర్వాతి ఆకంతా ఆ పూట కాచి వచ్చిన వాళ్లందరికీ ఊరికే పోశాడు. పాలు లేవు, చక్కెర లేదని వాళ్లు సణుగుతూ తాగారు.

నిజం అమ్మకు చెప్పలేదు. చెప్పకపోవడంతో వచ్చిన చిక్కేమిటంటే, నా నాలుక మీద ఆమెకు గురి కుదిరిపోయింది. ఆ తర్వాత బస్సు ఆలస్యమైనా, అన్నకు కొడుకు పుట్టే ముందైనా, వాన పడకపోయినా, చాయ్ పెట్టి నా చేతికిచ్చి "జర తాగి చెప్పు" అనేది. అల్లం, పాలు, చక్కెర అన్నీ వేసిన చాయ్. నేను కళ్లు మూసుకుని తాగి మంచి మాట చెప్పేదాన్ని. ఎలాగో ప్రతిసారీ మంచే జరిగింది. ఇంట్లో అదొక తమాషాగా ఉండేది. చివరిసారి దవాఖానలో, ఆపరేషన్‌కు తీసుకుపోయే పొద్దున, నా కోసం తెప్పించిన చాయ్ గ్లాసు వైపు చూసి అమ్మ అదే మాట అంది. ఆమె కళ్లల్లో భయం అన్న కోసం పడిన రోజుల్లో కంటే ఎక్కువుంది. తాగాను. అది డార్జిలింగ్ ఆకు కాదు, ఏ ఆకూ కాదు, చల్లారిన పంచదార నీళ్లు. "వానలు పోయినంక కోసిందే అమ్మా, పల్లికాయ వాసన వస్తున్నది" అన్నాను. పక్కన 'అవ్' అనడానికి చాచా అప్పటికి లేడు. అమ్మ నవ్వి నా చెయ్యి వదిలింది. ఆ ఒక్కసారి నా అబద్ధం నిజం కాలేదు.

ఇవాళ పొద్దున అన్న బల్మూర్ నుంచి ఫోను చేస్తే డబ్బాల సంగతి చెప్పాను. "తాగవే పిచ్చిదానా, అడుగున తారీకు ఉంటది, జూసుకో" అని నవ్వాడు. ఫోను పెట్టేసి మూడో డబ్బా తిప్పి చూశాను. నిజమే, కోసిన నెల అచ్చు వేసి ఉంది, ఎవరూ ఉతకలేనంత గట్టిగా. నీళ్లు కాచి, మూతపెట్టి, వంద లెక్కపెట్టాను. గ్లాసు ఎత్తి, తాగకముందే భయంతో తలుపు వైపు చూశాను. ఇన్నేళ్ల కాలం నా భయాన్ని కొంచెం కూడా తీసుకుపోలేదు, ఎవరి మొహం చూసి అబద్ధమాడాలో ఆ మనుషుల్ని మాత్రం తీసుకుపోయింది.