మేస్త్రీ నల్లి, మామ్మ లక్షవత్తులు

మా చిన్నప్పుడు... ఒడిశాలోని రాయగడలో, నాన్న ఏ పూట ఏ పత్తి మొక్క పక్కన స్నానం చేయాలో మామ్మ నిర్ణయించేది.

"ఒరే, ఆ సివర మొక్క ఒడిలిపోతంది. పీట అక్కడెయ్యి," అనేది. రైల్వేలో పనిచేసే మా నాన్న కార్తీకమాసపు చలిలో, మోకాలెత్తు కంచె వెనక వణుకుతూ నీళ్ళు పోసుకునేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ పలకరించేవారు... సబ్బు మాత్రం వాడకూడదు, మొక్కలకి పడదని మామ్మ ఉత్తర్వు. చుట్టపుచూపుగా బొబ్బిలి నుంచి వచ్చిన పెదనాన్నకి కూడా ఒక మొక్క కేటాయించింది!

ఇదంతా నా కోసమే. పసిపిల్లగా ఉన్నప్పుడు నాకు మలేరియా వచ్చి, ఇక దక్కదు అన్నారట. అప్పుడు మామ్మ శివుడికి మొక్కుకుంది... నేను బతికితే, నాకు ఏడేళ్ళు నిండేలోగా ఒక శివరాత్రికి లక్ష వత్తులు వెలిగిస్తానని. అదీ మా పెరట్లో పండిన దూదితోనే. వచ్చే శివరాత్రే ఆఖరి గడువు. వత్తులు తక్కువైతే దేవుడు నన్ను వెనక్కి తీసుకుపోతాడని నా గట్టి నమ్మకం.

ఆ ఏడాది వానలు దసరాకి ముందే మొహం చాటేశాయి. నూతిలో నీళ్ళు అడుగంటాయి. గోళీకాయంత పిందెలు రాలిపోయాయి. నిలిచిన కాయలేమో ఎదగకుండానే పగిలాయి... లోపల దూది విచ్చుకోకుండా నారింజ తొనల్లా బిగుసుకుపోయింది.

అది చాలదన్నట్టు ఎర్రనల్లులు దిగాయి! కాయలోకి సూదిలాంటి మూతి గుచ్చి గింజల్లో రసం పీల్చేవి. ఆ కాయలో దూదికి పచ్చటి మరకలు పట్టేవి.

చంపేద్దామంటే మామ్మ ఒప్పుకోలేదు. "దేవుడి దీపానికెల్లే దూది. దాని కోసం పేణం తీత్తావేటే అమ్మీ? పట్టుకెల్లి దూరంగా ఒగ్గీసి రా."

దూరంగా అంటే... ఆరేళ్ళ పిల్లకి పక్కింటి పెరడే దూరం. రోజూ పొద్దున్నే నల్లుల్ని చెంబులోకి ఏరి, గోడకున్న కన్నంలోంచి దూరి, పక్కింటి ఒడియా మావుసి, అంటే పిన్ని, బెండ మొక్కల్లో వదిలేదాన్ని. వాటిలో లావుపాటిదొకటి ఎప్పుడూ మిగతావాటికి ముందు నడిచేది. దానికి మేస్త్రీ అని పేరు పెట్టి, గుర్తు కోసం వీపు మీద సున్నం చుక్క పెట్టాను.

మూడోనాడు... మేస్త్రీ మళ్ళీ మా పత్తికాయ మీద! మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. నన్ను తీసుకురమ్మని దేవుడు పంపిన భటుడు ఇదేననుకుని నాకు అన్నం దిగలేదు.

"ఏటే ఈ అమ్మి, రెండు ముద్దలకే లేసిపోతంది?" అంటూ మామ్మ దిష్టి కూడా తీసింది.

నాలుగోసారి చెంబుతో కన్నంలో తల పెట్టేసరికి, అవతల నుంచి ఇంకో తల... మావుసి కూతురు కుని. దాని చేతిలో కొబ్బరిచిప్ప, చిప్ప నిండా నల్లులు, అన్నిటికన్నా పైన సున్నం చుక్కతో మేస్త్రీ!

కార్తీకం కదా, మావుసి కూడా నియమంలో ఉంది. పురుగుల్ని చంపకుండా దూరంగా వదలమని కూతురికి చెప్పిందట. కునికి మా పెరడే దూరం.

మేము అరుచుకుంటుంటే పెద్దవాళ్ళొచ్చారు. "ముందు ఎవులు ఒగ్గీసినారే?" అంది మామ్మ. ఇద్దరం ఒకరినొకరం చూపించుకున్నాం. మావుసి నవ్వీ నవ్వీ నూతి గట్టు మీద కూలబడింది. ఆ రోజు నుంచి రెండిళ్ళ నల్లులూ నాన్న చేతికొచ్చాయి. డ్యూటీకి వెళ్తూ పట్టాల అవతల తుప్పల్లో వదిలేవాడు. చెంబులో ఏముందని స్టేషన్లో అడిగితే ఏం చెప్పేవాడో పాపం!

మామ్మ వంద వత్తులకొక చింతగింజ చొప్పున పక్కన పెట్టేది. వెయ్యి గింజలు కావాలి. పోయినేటి దూదీ కలుపుకున్నా, శివరాత్రి నాలుగు రోజుల్లోకి వచ్చేసరికి ఇంకా ఇరవై ఆరు గింజలు తక్కువ. ఖాళీ చేట ముందు కూర్చుని మామ్మ గింజలు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే నాకు భయం ఆగలేదు.

"మామ్మా... నాను సచ్చిపోతానేటి?"

మామ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేసింది. గోడవతల మావుసికి వినబడినట్టుంది. కొంగు నిండా దూది తెచ్చి చేటలో కుమ్మరించింది. వాళ్ళ నూతి కాలువ పక్కన ఒకే ఒక్క పత్తి మొక్క ఉండేది. ఆ తడికి దాని కాయలు నిండుగా ఊరి, తెల్లగా విచ్చుకున్నాయి.

"నా పూజకని దాచేను మామ్మా. పిల్ల కన్నా ఎక్కువేటి?" అంది.

కానీ మొక్కు మా పెరటి దూదికి కదా... మామ్మ చేట వంక చూసింది, గోడ కన్నం వంక చూసింది. కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"మీ నల్లులు మా కాయలు తిన్నాయి. మా నల్లులు మీ బెండకాయలు తిన్నాయి. ఇంక రెండు పెరళ్ళేటి? ఒకటే!"

నాన్నతో సహా అందరం కూర్చుని వత్తులు చేశాం. శివరాత్రి సాయంత్రం పచ్చ మరకల వత్తులూ, తెల్లటి వత్తులూ కలిసే వెలిగాయి. శివుడు అభ్యంతరం చెప్పినట్టు లేదు... నాకిప్పుడు డెబ్బై దాటాయి.

మొన్న రాయగడ వెళ్ళి ఆ ఇల్లు చూశాను. ఆ గోడ నిలువెత్తు లేచింది, పైన గాజుపెంకులు. అవతల ఎవరుంటారని అడిగితే ఇవతలివాళ్ళకి తెలియదు. నేను కొట్లో కొనే వత్తులకి ఒక్క మరకా ఉండదు. అయినా దీపం పెట్టేటప్పుడు, ఎక్కడైనా కాస్త పచ్చగా కనబడుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను...

మీ ఇంటి గోడ కన్నంలోంచి పక్కింటికి ఏమేం వెళ్ళేవి? ఏమేం తిరిగొచ్చేవి?