ఒత్తు లేని మెసపొటేమియా

మా బడి కరస్పాండెంట్ హైదరాబాద్‌లో ఏదో సెమినార్‌కు వెళ్ళి, భోజనం బాగుందన్న కబురుతో పాటు ఐదు మాటలు వెంట తెచ్చాడు. స్థానం, ప్రదేశం, మనిషికీ పరిసరాలకీ ఉన్న లావాదేవీ, రాకపోకలు, ప్రాంతం. ప్రపంచంలో ఏ మూల తొలి చరిత్రనైనా ఈ ఐదు కిటికీల్లోంచి చూపిస్తే పిల్లలకు ఇట్టే ఎక్కుతుందని అక్కడ ఎవరో చెప్పారట. సెమినార్‌లో చెప్పింది నమ్మడం ఆయనకు అలవాటు. అంతకుముందు ఒకసారి ఇలాగే విని వచ్చి, బడిలో నల్లబల్లలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించాడు. అవి ఇప్పటికీ నల్లబల్లలే, రంగు మాత్రం ఆకుపచ్చ.

ఈసారి వ్యవహారం రంగుతో పోలేదు. స్టాఫ్ రూంలోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"చూడుండ్రి. వచ్చే ఏడు ఏ సెక్షన్, బీ సెక్షన్ కలుపుతున్నం. పిల్లలు తగ్గిండ్రు. సోషల్‌కు ఒక్కలే సరిపోతరు. ఎవలు ఉండాలె అన్నది ఇప్పుడే చెప్ప. శనివారం ఎక్స్‌పో పెడ్తం. ఇద్దరు చెరొక దేశం తీసుకొని ఐదు థీములల్ల చెప్పుండ్రి. చూస్త."

సోషల్ చెప్పేది ఇద్దరం. నేను, నా ఎదురు కుర్చీలో కూర్చునే మేడం. ఆ ఐదు మాటల్లో మొదటిదానికి అర్థం మా ఇద్దరికీ అక్కడికక్కడే బోధపడింది. స్థానం అంటే కుర్చీ.

నా భార్య మెదక్ పెద్ద దవాఖానలో నర్సు. ఇక్కడ నా కుర్చీ పోతే నేను హైదరాబాద్‌లో ఇంకో కుర్చీ వెతుక్కోవాలి, వారానికోసారి బస్సులో చుట్టంలా ఇంటికి రావాలి. అలా బతుకుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, బాగానే ఉన్నారు. నాకు మాత్రం సాయంత్రం బడి వదలగానే ఇంటికి నడిచి పోవడం అలవాటైంది. దాన్ని సుఖం అని ఎవరి ముందూ అనను, అంటే నవ్వుతారు. మేడం సంగతీ అంతే. ఆమె భర్త చర్చి పనిలో ఉన్నాడు. చర్చి కదలదు కాబట్టి ఆమె కూడా కదలదు.

మేడంకు ఈజిప్టు ఇచ్చాడు, నాకు మెసపొటేమియా. "పేరు జర కష్టమున్నది సార్, మేడంను పరేషాన్ చేసుడెందుకు" అని కారణం కూడా చెప్పాడు. పేరు నాకూ కష్టమేనని చెప్పే సమయం అది కాదు.

పరిశోధన మొదలుపెట్టాను. పరిశోధన అంటే ఫోన్, పాత పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల నడుమ పరిచిన ఒక ఛార్టు. టైగ్రిస్ అన్నాక పులితో ఏదో సంబంధం ఉండకపోదని, నది పక్కన ఒక చిన్న పులిని పెన్సిల్‌తో గీశాను. మేడం డబ్బా మూత తీస్తూ ఆ పులిని చూసింది.

"గదెందుకు సార్?"

"టైగ్రిస్ గద మేడం."

"పులి లేదు గిలి లేదు. మేం దాన్ని హిద్దెకెలు అంటం. సండే స్కూల్ల చిన్నప్పటి సంది విన్నదే. రెండోది యూఫ్రటీసు."

పులిని రబ్బరుతో తుడిచేశాను. తోక మాత్రం సరిగ్గా పోలేదు. దాన్ని ఉపనది చేశాను.

"సరే సార్, అబ్రహాము ఏ ఊరాయన?" అని అడిగింది.

"నాకెట్ల తెలుస్తది మేడం."

"ఊరు."

"అదే, ఏ ఊరు?"

"ఊరే సార్. ఆ ఊరి పేరే ఊరు. మీ యూఫ్రటీసు దిక్కే. చిన్నప్పుడు నేను గూడ గిట్లనే 'ఏ ఊరు, ఏ ఊరు' అని అడిగి మా టీచరమ్మ చేతుల దెబ్బలు తిన్న."

ఒక ఊరు తనకు ఊరు అనే పేరు పెట్టుకోవాలంటే ఎంత ధీమా ఉండాలో అని ఆలోచించాను. చుట్టుపక్కల ఇంకో ఊరు లేని కాలం అయి ఉండాలి. అలా నా మొదటి థీముకు మొదటి వాక్యం దొరికింది. అది నా పోటీదారు దయ.

"మేడం, మీరు నాకు చెప్పొద్దేమో. పోటీ గద."

"పోటీ ఎక్స్‌పోకాడ సార్. గిది టిఫిన్ టైం."

ఊరికే తీసుకోవడం బాగుండదని, ఆమె ఛార్టులో నైలు నది ఎత్తు నుంచి పల్లానికి బదులు సముద్రం నుంచి కొండ ఎక్కుతోందని చెప్పాను. బాణం గుర్తు తిప్పింది. చెల్లుకు చెల్లు.

తక్కిన థీములకు పెద్దగా కష్టపడలేదు, మెదక్‌లో ఉన్నవాడికి అవసరం లేదు. ఇక్కడ స్థానం చెప్పడానికి అక్షాంశాలు అక్కర్లేదు. ఏదైనా చర్చికి ఇవతలో అవతలో ఉంటుంది. ప్రాంతం అన్న మాటను తెలంగాణలో పుట్టినవాడికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పైగా మాది, తన పేరు పెట్టుకున్న జిల్లాకు తానే ముఖ్యపట్టణం కాకుండా చాలా కాలం గడిపిన ఊరు. పేరు మాది, కలెక్టర్ సంగారెడ్డిలో. మెసపొటేమియాలో ఒక్కో నగరం నేనే రాజ్యమంటే నేనే రాజ్యమని ఎందుకు కొట్టుకుందో పుస్తకం మూసేసి కూడా చెప్పగలను.

నీళ్ళ సంగతి ఇంకా దగ్గరిది. ఘనపురం ఆనకట్ట నుంచి మంజీర నీళ్ళు తెచ్చే కాల్వలను నిజాం కాలం నుంచి నహర్‌లు అంటాం. మెసపొటేమియాను రెండు నదుల నడుమ దేశమని అరబ్బీలో చెప్పే మాటలో ఉన్నదీ ఆ నహరే. ఆ మాట అంత దూరం నుంచి వచ్చి మా వరి మడుల్లో కూర్చుందన్నమాట. ఇక కుల్చారం వైపు పోతే ఒక పక్క మంజీర, ఇంకో పక్క హల్దీ వాగు. రెండు నీళ్ళ నడుమ నేల. కుల్చారంలో నాగరికత ఎందుకు పుట్టలేదని ఎవరైనా అడిగితే, పుట్టింది కానీ ఎవరూ తవ్వలేదని చెప్పాలనుకున్నాను.

మిగిలింది ఫ్లెక్సీ. ఈ రోజుల్లో ఫ్లెక్సీ లేకుండా పుట్టినరోజే జరగదు, నాగరికత ఎలా పుడుతుంది. ఇలాంటి వాటిలో అక్షరాలు చూసిపెట్టే మా తెలుగు సారు డీఎస్సీలో ఎంపికై ఆ వారమే సర్కారు బడికి వెళ్ళిపోయాడు. అందుకని బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ దుకాణానికి నేనే ఫోన్ చేసి చెప్పాను.

"రాసుకో అన్నా. రెండు నదుల మద్య నాగరికత."

"మద్యనా సార్?"

"మద్య."

"మంచిది."

మా దిక్కు నోళ్ళలో ఒత్తులు నిలవవు. ధనం దనమవుతుంది, భయం బయమవుతుంది. అందువల్ల డబ్బు పెరిగిందీ లేదు, భయం తగ్గిందీ లేదు. అతను నేను పలికిందే పలికాడు, పలికిందే కొట్టాడు. వాట్సాప్‌లో నమూనా పంపితే బొమ్మలోని మట్టి గోపురం తలకిందులుగా లేదు కదా అని చూసి, బొటనవేలు పంపాను. మేడం కూడా చూసి మంచిగుందంది. ఇద్దరం డిగ్రీ చదివినవాళ్ళమే. మాకు వినబడేట్టుగానే చదువుకున్నాం.

శనివారం పొద్దున ఆ ఫ్లెక్సీని మొదటి అంతస్తు రెయిలింగ్‌కు, గేటులోంచి అడుగుపెట్టేవాళ్ళకు ఎదురుగా కట్టారు. మొదట వచ్చిన తండ్రి కౌడిపల్లి నుంచి. ఆటో నడుపుతాడు. కూతురి చెయ్యి పట్టుకుని, తల ఎత్తి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

"రెండు... నదుల... మద్య... నాగరికత. ఏం సారూ, నదులల్లనే పారిందా?"

"ఏంది పారేది?"

"మందు. జర అడ్రస్ చెప్పుండ్రి, ఆటోల పోయొస్త."

అప్పుడు చదివాను, చెవితో కాకుండా కంటితో. ఒత్తు ఉంటే నడుమ, లేకుంటే సారా. రెండు నదుల సారా నాగరికత. అక్షరం కింద ఒక్క గీత, అంతే తేడా.

ఇది వేరే బడిలో అయితే నవ్వుకునే విషయం. మా కరస్పాండెంట్ బామ్మర్దికి ఊళ్ళో వైన్స్ ఉంది. అందులో ఈయనకూ వాటా ఉందని ఊరంతా అంటుంది, ఈయన తప్ప. ఒకసారి వార్షికోత్సవానికి పిల్లలు తాగుడు వల్ల అనర్థాలు అనే నాటిక సాధన చేస్తే, దాన్ని ఆపించి ప్లాస్టిక్ వల్ల అనర్థాలు వేయించాడు. అలాంటి మనిషి గేటుకు ఎదురుగా నేను మద్య నాగరికత అని రాయించి కట్టాను, అదీ కుర్చీ ఎవరిదో తేలే రోజున.

మార్కర్ తీసుకుని మొదటి అంతస్తుకు ఉరికాను. రెయిలింగ్ మీద వంగితే చెయ్యి 'నదుల' దాకా అందుతోంది, 'మద్య'లోని ద అందడం లేదు. మేడం వెనక నుంచి నా షర్టు పట్టుకుంది.

"స్థానం కోసం పానం తీసుకుంటరా సార్?"

"ఒక్క గీత మేడం. ఒక్కటే గీత."

గీత పడలేదు, కారు వచ్చింది. కరస్పాండెంట్ దిగి ముందు నన్ను చూశాడు, తర్వాత నా కింద ఉన్నదాన్ని.

"ఏం చేస్తున్నరు సార్ గాడ?"

"రాకపోకలు చూస్తున్న సార్. నాలుగో థీము."

"కిందికి రాండ్రి."

వచ్చాను. ఆయన ఫ్లెక్సీ చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మద్య నాగరికత. గిది నా మీదనా?"

ఒత్తు పోయిందని చెప్పవచ్చు. చెబితే, రాసిన నాలుగు మాటల్లో ఒకటి చూసుకోలేనివాడు సోషల్ ఏం చెబుతాడని అడుగుతాడు, అడగాలి కూడా. అందుకని ఇంకో నిజం చెప్పాను. పరిశోధనలో దొరికిందే, ఛార్టులో ఒక మూల చిన్న అక్షరాలతో రాసి వదిలేసిందే.

"మీ మీద కాదు సార్. చరిత్ర. ఆడ బార్లీతోని బీర్ కాసెటోళ్ళు. పని చేసినోళ్ళకు గింజలతోని పాటు గదీ ఇచ్చెటోళ్ళు. ఎవలికెంత పోసిండ్రో మట్టి పలకల మీద రాసిపెట్టిండ్రు. కుండల గొట్టాలు ఏసుకొని తాగెటోళ్ళు, మనం కొబ్బరిబోండం తాగినట్టు."

"గవర్నమెంటే పోసెటిదా?"

"గుడి పోసెటిది సార్. అప్పుడు గుడే గవర్నమెంటు."

"గుడి" అన్నాడు మెల్లగా. చేతులు వెనక్కి కట్టుకుని ఫ్లెక్సీని ఇంకోసారి చూశాడు, ఈసారి చుట్టాన్ని చూసినట్టు. "అంటే గీ యాపారం గింత పాతదా."

"రాత ఎంత పాతదో అది గూడ అంత పాతది సార్."

"మంచిగ చెప్పుండ్రి పబ్లిక్‌కు. దాయవలసిన పనేమున్నది."

పబ్లిక్ వచ్చింది. మామూలుగా మా బడి కార్యక్రమాలకు తల్లులు లోపలికి వస్తారు, తండ్రులు గేటు బయట బండ్ల మీద కూర్చుంటారు. ఆ రోజు తండ్రులు ఫ్లెక్సీ చదివి లోపలికి వచ్చారు, ఈజిప్టు దాటి నేరుగా నా బల్ల దగ్గరికి. బీరు సంగతి చివర చెబుతానని మొదటే చెప్పాను. అందుకని ఐదు థీములూ విన్నారు. ఊరు అనే ఊరు విన్నారు, వరద మట్టి విన్నారు, నహర్‌లు విన్నారు, కుల్చారం పేరు వస్తే తలలూపారు. కాల్వ నీళ్ళు ఎక్కువై అక్కడి పొలాలు చౌడుబారాయని చెబుతుంటే, ఎల్దుర్తి నుంచి వచ్చిన ఒకాయన చెయ్యెత్తాడు. రైతు కదా, ఉప్పు సంగతి ఏదో అడుగుతాడనుకున్నాను.

"పొలాలు చౌడైంది బీర్ కాసుడు కంటె ముందా, ఎన్కనా సారూ?"

"ఎన్కనే."

"ఐతే నడువనీయుండ్రి."

మేడం బల్ల మీద థర్మకోల్ పిరమిడ్, సరైన దిక్కుకు పారే నైలు, ఒక్క తప్పు లేని అక్షరాలు. తల్లులు చూసి, బాగుందని చెప్పి పోయారు. ఆమె జనం లేని వేళ నా బల్ల వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు నాకు అంత గెలుపుగా ఏమీ అనిపించలేదు. బీరు దగ్గరికి వచ్చేశాను కాబట్టి ఆపడానికీ వీల్లేదు.

సోమవారం కరస్పాండెంట్ ఇద్దరినీ తన గదికి పిలిచాడు.

"మేడం, సోషల్ మీకే. మీ దాంట్ల ఒక్క తప్పు లేదు. గట్లుండాలె."

మేడం తల దించుకుంది. నేను గోడ మీది పటం వైపు చూశాను. హైదరాబాద్ అందులో చాలా దగ్గరగా కనిపిస్తోంది. పటాల్లో అన్నీ దగ్గరే.

"సార్, మీరు మాట్లాడితే మొగోళ్ళు గూడ నిలవడి విన్నరు. మిమ్మల్ని ఇడిసిపెడితే పక్క బడోడు పట్కపోతడు. తెలుగు సార్ పోయిండు గద. తెలుగు చెప్పుండ్రి మీరు."

"తెలుగా సార్?"

"మరి. ఆ ఫ్లెక్సీల మాట జూడుండ్రి, ఒక్కటి రాస్తె ఊరంత చదివిండ్రు. గట్ల రాసెటోడు కావాలె నాకు."

ఆయనకు అది తప్పని తెలియదు. నేను చెప్పలేదు. చెప్పగలిగింది ఆ గదిలో ఇంకొక్కరే. ఆమె నన్ను చూసి, పెదవి లోపలికి లాక్కుని, కిటికీ వైపు తిరిగింది. భుజాలు కొంచెం కదిలాయి. బయటికి వచ్చాక మాత్రం ఒక్క మాట అంది.

"తెలుగు సార్, కంగ్రాట్స్."

ఇప్పుడు ఆరో తరగతికి ఒత్తక్షరాలు నేర్పుతున్నాను. వ్యాకరణంలో వాటిని మహాప్రాణాలు అంటారు, ఒత్తు లేనివి అల్పప్రాణాలు. నన్ను మెదక్‌లో నిలబెట్టింది ఒక అల్పప్రాణి అని పిల్లలకు చెప్పను, పరీక్షలో రాస్తారు. ఆ ఫ్లెక్సీని సైకిల్ షెడ్ మీద కప్పారు, అక్షరాలు లోపలి వైపుకు. వాన పడితే పిల్లలు దాని కింద నిలబడి తలెత్తి చదువుకుంటారు. సాయంత్రం ఇంటికి నడిచే పోతున్నాను.

నిన్న కూడా అదే పాఠం. కడుపులోంచి గాలి తీసి "ధ" అన్నాను. తరగతి అంతా ఒక్క గొంతుతో "ద" అంది. మళ్ళీ "ధ" అన్నాను. మళ్ళీ "ద." పక్క గదిలో ఈజిప్టు చెబుతున్న మేడం, సుద్దముక్క కోసం వచ్చి గుమ్మంలో ఆగింది.

"మద్యల వచ్చిన్నా సార్?"

"లేదు మేడం, రాండ్రి" అన్నాను. "మద్యల ఏం లేదు."