మామయ్యగారి కళ్ళకి నేను తెచ్చిన మసక

నిక్షేపంలాంటి కళ్ళున్న పెద్దమనిషిని ఆపరేషన్ బల్ల దాకా నడిపించిన ఘనత ఎంతమందికి దక్కుతుందో తెలియదు. నాకు మాత్రం పెళ్ళయిన రెండో ఏడే దక్కింది. అప్పటికి నేను నందిగామ హైస్కూల్లో భౌతికశాస్త్రం టీచర్ని. పదో తరగతికి కటకాల పాఠం చెప్పేది నేనే. నవ్వుకోండి, ఫర్వాలేదు.

మా అత్తవారిది జగ్గయ్యపేట, రోజూ అక్కణ్ణుంచే బస్సులో బడికి వెళ్ళొచ్చేదాన్ని. మామయ్యగారికి హోల్‌సేల్ కిరాణా కొట్టు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, మా వరండాలో చెప్పులు వరసగా మాయమవుతుంటే, ఆయన విజయవాడ నుంచి కెమేరా తెప్పించి గుమ్మం పైన బిగించారు. దాని వైరు హాల్లో టీవీకి కలిపారు. ఇక అప్పట్నుంచి ఆయన టీవీలో చూసే కార్యక్రమం ఒక్కటే: మా గేటు.

"దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు" అని ఇంటిల్లిపాదికీ ఆర్డరు.

నేను చెయ్యి వెయ్యలేదు. బూజుకర్ర వేశాను. ఓ ఆదివారం వరండా దులుపుతుంటే కర్ర తగిలి కెమేరా ఊడింది. గోడకి ఠంగుమని కొట్టుకుని గచ్చు మీద పడింది. ఎవరూ చూడలేదు. గబగబా తీసి, కొంగుతో తుడిచి, పడ్డ సొట్టని గోడవైపుకి తిప్పి, ఉన్నచోటే దూర్చేశాను. హాల్లోకెళ్ళి చూస్తే బొమ్మ వస్తూనే ఉంది. కాకపోతే గేటుని గంజిలో నానబెట్టినట్టుంది.

సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా వత్సవాయి నుంచి అత్తయ్యగారి అన్నయ్య వచ్చారు. మనిషి భారీ. పైగా నల్లచొక్కా.

"ఏమేవ్, గేటు దగ్గర గేదె నిలబడింది, తోలు!" అని టీవీ ముందునుంచి కేకేశారు మామయ్యగారు.

అత్తయ్యగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "గేదేంటండీ, మా అన్నయ్య!" అన్నారు.

ఆ అన్నయ్యగారు ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు.

మామయ్యగారు కళ్ళజోడు తుడిచారు. కళ్ళు తుడుచుకున్నారు. టీవీ అద్దం తుడిచారు. చివరికి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, చదువుకున్నదానివి, నిజం చెప్పు. గేటు నీక్కూడా మసగ్గానే ఉందా?"

ఉందంటే కెమేరా దించుతారు. దించితే సొట్ట కనపడుతుంది.

"లేదండి మామయ్యగారూ, నాకు శుభ్రంగా కనపడుతోంది" అన్నాను.

అంతే, కెమేరా జబ్బు ఆయన కళ్ళకి బదిలీ అయిపోయింది. సోమవారం పొద్దున్నే నందిగామలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన పాపం అన్నీ పరీక్షించి, "చూపు బాగుందండి. శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదు" అన్నాడు.

మామయ్యగారు నమ్మలేదు. "బావమరిది గేదెలా కనపడుతుంటే చూపు బాగుందంటాడేంటి! గురువారం విజయవాడెళ్ళి ఆపరేషన్ చేయించేసుకుంటా" అని బ్యాగు కూడా సర్దుకున్నారు.

మంగళవారం క్లాసులో కొవ్వొత్తి వెలిగించి, కటకం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను. కాగితం మీద మంట బొమ్మ ఓసారి అలుక్కుపోతోంది, ఓసారి తేటపడుతోంది. కెమేరా మూతిలో ఉన్నదీ కటకమే కదా! పడ్డ అదురుకి అది కాస్త జరిగుంటుంది. తిప్పితే సరి! మధ్యాహ్నం సెలవు పెట్టి బస్సెక్కాను. తిన్నగా వంటింట్లోకెళ్ళి అత్తయ్యగారి ముందు నేరం ఒప్పుకున్నాను.

"ఓసి నీ దుంపతెగ! నేను రెండ్రోజుల్నుంచి ఆయనకి పూటపూటా ములగాకు వండి పెడుతున్నానే!" అన్నారావిడ.

అత్తయ్యగారిని హాల్లో టీవీ ముందు నిలబెట్టి, నేను వరండాలో స్టూలెక్కాను. కటకాన్ని పట్టి ఉంచే చిన్న మరమేకు వదులైపోయి ఉంది. కటకాన్ని వేళ్ళతో మెల్లగా తిప్పసాగాను.

"ఎలా ఉందండీ?"

"పులుసులా ఉందే!"

"ఇప్పుడో?"

"ఏదో పెద్ద బంగాళాదుంప కనపడుతోంది."

"అది నా ముక్కండీ! గేటు చూడండి!"

"నువ్వు అడ్డం నిలబడితే గేటెక్కడ కనపడుద్దే? పక్కకి జరుగు!"

ఒళ్ళంతా గోడకి అతికించి, చెయ్యి మాత్రం చాపి, వెంట్రుకవాసి తిప్పాను.

"ఆ! చువ్వలు కనపడుతున్నాయ్!"

ఇంకో వాసి తిప్పాను. లోపల్నుంచి, "చాలమ్మాయ్, అక్కడే ఉంచు. ఎదురింటి నంబరు కూడా చదవొచ్చు" అని వినపడింది.

మరమేకు బిగించి, స్టూలు మీదే చప్పట్లు కొట్టాను. "చూశారా అత్తయ్యగారూ! ఇక మామయ్యగారికి జన్మలో తెలియదు!"

అప్పుడు తట్టింది, ఆ గొంతు అత్తయ్యగారిది కాదని. మామయ్యగారు దొడ్డిగుమ్మంలోంచి భోజనానికొచ్చి, బంగాళాదుంప దగ్గర్నుంచీ అంతా చూస్తున్నారట.

గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. "గురువారం నా కన్ను కోసేవాళ్ళు, తెలుసా?"

"తెలుసండి. అందుకే మంగళవారమే బాగుచేశానండి" అన్నాను.

ఆయన నవ్వు మొదలుపెడితే ఆగలేదు. గోడ పట్టుకుని మరీ నవ్వారు. సాయంత్రానికి వీధిలో వాళ్ళని పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టి, "మెకానిక్కు ఎందుకండీ, మా కోడలు ఒంటిచేత్తో సరిచేసింది!" అని చాటింపు వేశారు. వారం తిరక్కుండా ఊళ్ళో పాడైన రేడియోలూ మిక్సీలూ మా వరండాకి క్యూ కట్టాయి. అందులో రెండు నిజంగానే బాగుచేశాను కూడా.

స్టూలు దిగకముందే, కెమేరా మీద చెయ్యేసి నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా చేతిలోంచి ఏది జారినా, అది నేల తాకేలోపే "పడేశానండోయ్!" అని ఇల్లు దద్దరిల్లేలా అరుస్తానని. ఇప్పటిదాకా తప్పలేదు.

"చెంచాలకి మాత్రం అరవకే తల్లీ," అని అత్తయ్యగారు ఓసారి చేతులు జోడించారు.

కుదరదన్నాను. ప్రతిజ్ఞ అంటే ప్రతిజ్ఞే.